రోషన్‌దాన్‌ను మళ్ళీ తెరుద్దాం
పైకప్పు కింద బందీ అయిన వేడికి దారి చూపడం గృహస్థుల బాధ్యత

మే మాసపు మధ్యాహ్నం రెండు గంటలు. సూర్యాపేట నుండి పెన్‌పహాడ్ వైపు సాగే దారిలో మనిషి జాడ కానరాదు. పనులకు వెళ్ళిన మగవారు ఆ సమయానికి ఏ చెట్టు నీడనో, దుకాణంలోనో, కార్యాలయంలోనో తలదాచుకుని ఉంటారు. మరి ఆ వేళ ఇంటిలో ఉండేదెవరు? వంట ముగించి నడుం వాల్చిన ఇల్లాలు, ఉయ్యాలలో పసిబిడ్డ, సెలవుల్లో ఉన్న పిల్లలు, మంచానికి పరిమితమైన దాదీ. ‘ఎండలో తిరగకండి, ఇంటిపట్టునే ఉండండి’ అని వైద్యులు, అధికారులు ప్రతి వేసవిలోనూ హెచ్చరిస్తారు. ఆ సలహా మంచిదే. అయితే తలపై సిమెంటు రేకులు, నాలుగు వైపులా మూసిన గోడలు ఉన్న ఇంటిలో నీడ ఉంటుందేగాని చల్లదనం ఉండదు. బయటి ఎండ సాయంత్రానికి తగ్గుతుంది, లోపలి వేడి అర్ధరాత్రి వరకూ తగ్గదు.

ఇది కేవలం అసౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2015 మే నెలాఖరులో వీచిన వడగాలులకు దేశంలో రెండు వేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. 44, 45 డిగ్రీల ఎండ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు కొత్త కాదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సహాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. ప్రాణం పోయిన తరువాత అందే సహాయం కంటే, ప్రాణం నిలిచేలా ఇంటిని సరిదిద్దుకోవడమే మేలు కదా! అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. వేడి ఇంట్లోకి ఎలా ప్రవేశిస్తుందో, ఎందుకు బయటికి పోలేకపోతోందో గ్రహిస్తే చాలు.

వేడి వచ్చేది తల మీది నుండి

వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందువలన గోడల కంటే పైకప్పు మీదనే ఎండ ఎక్కువగా పడుతుంది. గోడకు ఉదయమో సాయంత్రమో కొంత విరామం దొరుకుతుంది. కప్పుకు మాత్రం సూర్యోదయం నుండి అస్తమయం వరకు విరామం లేదు. పాతబడి నల్లబారిన సిమెంటు కప్పు తనపై పడే ఎండలో మూడోవంతును కూడా తిప్పికొట్టలేదు. మిగిలినదంతా తనలో ఇముడ్చుకొని, కిందనున్న గదిలోకి దించుతుంది.

ఆ వేడి రెండు విధాలుగా మనల్ని చేరుతుంది. మొదటిది కప్పు నుండి నేరుగా వెలువడే సెగ. రేకుల ఇంటిలో కూర్చున్నప్పుడు మాడు మీద పొయ్యి బోర్లించినట్లు అనిపించడానికి కారణం ఇదే. రెండవది కప్పును తాకి వేడెక్కిన గాలి. వేడి గాలి తేలిక గనుక పైకే చేరుతుంది. పైన దారి ఉంటే బయటికి పోతుంది. దారి లేకపోతే కప్పు కిందనే పొరగా పేరుకుని, గంటగంటకూ మందమై, చివరకు మన తల ఎత్తు వరకు దిగుతుంది. అప్పుడు ఫ్యాను వేస్తే ఏమవుతుంది? ఫ్యాను గాలిని చల్లబరచదు, కేవలం కదిలిస్తుంది. పైన పేరుకున్న వేడినే కిందికి తోస్తుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన తరువాత ఫ్యాను గాలి శరీరాన్ని చల్లబరచడానికి బదులు వేడెక్కించే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

కాబట్టి మనం చేయవలసిన పనులు రెండు. కప్పు మీద పడే ఎండను వీలైనంత వెనక్కి పంపాలి. అయినా లోపల పుట్టిన వేడికి, అది సహజంగా చేరుకునే చోటనే, అంటే కప్పు కిందనే, బయటికి దారి ఇవ్వాలి.

మనం మరచిపోయిన పాత తెలివి

ఈ రెండవ పని మన పెద్దలకు తెలియనిది కాదు. తెలంగాణలోని పాత ముస్లిమ్ ఇళ్ళలో గోడ పైభాగాన, కప్పుకు కొద్దిగా కింద, చిన్న గూడు వంటి తెరపి ఉండేది. దానినే ‘రోషన్‌దాన్’ అన్నారు. వెలుతురునిచ్చేది అని ఆ మాటకు అర్థం. వాస్తవానికి అది వెలుతురును లోనికి తెచ్చేది, వేడిని బయటికి పంపేది. మనిషి కంటికి అందనంత ఎత్తులో ఉండటం వలన వీధిలో వెళ్ళేవారి చూపు దాని గుండా లోపలికి చొరబడలేదు.

గూనపెంకుల ఇళ్ళలోనూ ఇదే నీతి వేరొక రూపంలో పనిచేసింది. పెంకుకూ పెంకుకూ నడుమ ఉన్న సన్నని సందుల గుండా వేడి గాలి నిరంతరం బయటికి పోతూ ఉండేది. పెంకుల కింద కర్ర బల్లలతో అటక ఉండేది. ధాన్యం, పాత్రలు, ఎండుమిర్చి దాచుకునే ఆ అటక కేవలం సామాను కొట్టు కాదు. అది ఎండకూ గదికీ మధ్య నిలిచిన ఒక గాలి తెర. పైన పెంకు కాలినా, అటక ఆ సెగను తాను భరించి, చూరు సందుల నుండి వదిలివేసేది. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వారి కర్మాగారంతో మొదలైన యంత్రపు పెంకులు దక్షిణ భారతమంతటా వ్యాపించిన తరువాత కూడా ఈ గుణం చాలావరకు నిలిచింది.

కోస్తా జిల్లాల వారిది మరో మార్గం. అక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. అందుచేత వారు మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. గదులలోని వేడి గాలి ఆ ఖాళీ గుండా పైకి పోతే, వీధి వైపు నుండి కొత్త గాలి లోపలికి వస్తుంది. పేదవారి తాటాకు ఇంటికీ గాలి ఆడే కప్పే ఉండేది.

తరువాత రేకులు వచ్చాయి, స్లాబులు వచ్చాయి. అవి వాన కురవని, పిల్లులు కదిలించలేని, ఏటేటా మరమ్మతు కోరని కప్పులు. వాటిని ఎంచుకున్నవారిని తప్పు పట్టలేము. అయితే కప్పు మారినప్పుడు దానితోపాటు రావలసిన తెరపిని మాత్రం మనం మరచిపోయాము. రేకుల అలల కింద చూరు పొడవునా మిగిలే సందులను ఎలుకలు దూరతాయని సిమెంటుతో పూడ్చాము. స్లాబు ఇళ్ళలో వెంటిలేటర్లకు అద్దాలు బిగించి శాశ్వతంగా మూసేశాము. పాత ఇళ్ళను బాగు చేయించేటప్పుడు రోషన్‌దాన్లను ఇటుకలతో మూయించాము. తరువాత వేడికి తాళలేక రేకుల కింద ధర్మాకోల్ సీలింగో, పీవీసీ సీలింగో బిగించాము. అంటే పాత అటకనే మళ్ళీ కట్టుకున్నాము. అయితే ఈ కొత్త అటకకు ఊపిరి తీసుకునే దారి లేదు. పగలంతా అందులో పేరుకున్న వేడి రాత్రి పది గంటలకు మన పడకల మీదికి దిగుతోంది.

పరదాకూ గాలికీ వైరం లేదు

మన ఇళ్ళలో కిటికీలు మూసి ఉండటానికి మరో కారణం ఉంది. దానిని దాచవలసిన పనిలేదు. వీధివైపు కిటికీ తెరిస్తే పరదాకు భంగం కలుగుతుందని ఇంటిలోని స్త్రీలు దానిని మూసే ఉంచుతారు. తెరిచినా మందపాటి తెర వేలాడుతుంది. ఫలితంగా పరదా పాటించే ఇల్లాలే అందరికంటే ఎక్కువ ఉక్కపోతను భరిస్తోంది. ఇది ధర్మం కోరిన కష్టం కాదు, మన నిర్మాణ లోపం తెచ్చిపెట్టిన కష్టం.

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో 80, 81 ఆయతులు చదివినవారికి, అల్లాహ్ తన అనుగ్రహాల జాబితాలో విశ్రాంతినిచ్చే ఇంటినీ, నీడనూ, వేడి నుండి కాపాడే వస్త్రాలనూ పేర్కొన్న సంగతి తెలుసు. విశ్రాంతి ఇవ్వని ఇల్లు ఆ అనుగ్రహానికి మనం చేకూర్చిన లోటు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహ్ర్ నమాజును కాస్త చల్లబడే వరకు ఆలస్యం చేయమని దైవప్రవక్త (స) ఉపదేశించిన విషయం బుఖారీ, ముస్లిమ్ హదీసు గ్రంథాలలో ఉంది. ఆరాధనలోనే వేడి బాధను పరిగణించిన ధర్మం, వంటింటిలో దానిని మౌనంగా భరించమని కోరుతుందా?

ముస్లిమ్ ప్రపంచం ఈ చిక్కుముడిని శతాబ్దాల క్రితమే విప్పింది. కైరో వీధుల్లో పాత ఇళ్ళ కిటికీలకు ‘మష్రబియ్యా’ అనే చెక్క జాలీ అమర్చేవారు. వెలుపలి నుండి చూపు లోపలికి రాదు, గాలికి అడ్డు లేదు. ఇంటి కప్పు మీద గాలి వీచే దిక్కుకు నోరు తెరిచిన ‘మల్కఫ్’ అనే గొట్టం వంటి కట్టడం పైగాలిని పట్టి కింది గదులలోకి దించేది. ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ఇటువంటి వాటిని ‘బాద్‌గీర్’ అంటారు. అక్కడి దౌలతాబాద్ తోటలోని బాద్‌గీర్ ఎత్తు సుమారు 33 మీటర్లు. ఆ నగరాన్ని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సింధ్‌లోని హైదరాబాదు నగరంలో ఒకప్పుడు ఇళ్ళ కప్పుల మీద ఇటువంటి గాలి బురుజులు వరుసలు తీరి ఉండేవి.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ (1900–1989) ఈ పాత తెలివిని పేదల ఇళ్ళకు తిరిగి తీసుకురావాలని జీవితమంతా శ్రమించారు. 1940లలో లుక్సర్ సమీపాన ఆయన నిర్మించిన న్యూ గుర్నా గ్రామం అందుకు సాక్ష్యం. మన దక్షిణ భారతంలో లారీ బేకర్ (1917–2007) కేరళలో ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ గోడలు కట్టి, తక్కువ ఖర్చుతో గాలి, వెలుతురు, చాటు మూడింటినీ సాధించారు. వీరిద్దరి పని నుండి మనం నేర్చుకోవలసినది ఒక్కటే. చూపుకు అడ్డు కట్టడం వేరు, గాలికి అడ్డు కట్టడం వేరు. మన గోడలు రెండు పనులూ ఒకేసారి చేస్తున్నాయి. మొదటిది ఉంచి, రెండవది తొలగించాలి.

ఒక ఇంటి లెక్క

మాట తేలికగా పోకుండా ఒక ఇంటిని ఊహించి లెక్క వేద్దాం. పెన్‌పహాడ్ వంటి ఊరిలో 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు ఉన్న రెండు గదుల రేకుల ఇల్లు. కింద సీలింగ్ ఉంది. సీలింగ్ విస్తీర్ణం 300 చదరపు అడుగులు.

అమెరికా గృహ నిర్మాణ నియమావళిలో అటకకు ఒక సాధారణ కొలత ఉంది. అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి రంధ్రాలు ఉండాలి. అది ప్రధానంగా తేమను దృష్టిలో ఉంచుకొని ఏర్పడిన కొలత గనుక, మన ఎండకు దానిని కనీస ప్రమాణంగా తీసుకోవాలి. మన ఇంటికి 300ను 150తో భాగిస్తే 2 చదరపు అడుగులు. అందులో సగం కింద, అంటే చూరు వద్ద ఉండాలి. సగం పైన, అంటే కప్పు అత్యంత ఎత్తుగా ఉన్న చోట ఉండాలి. కింది నుండి కొత్త గాలి ప్రవేశిస్తేనే పైనున్న వేడి గాలి బయటికి పోతుంది. ఒకే వైపు రంధ్రం పెట్టి ఫలితం లేదని నిరాశపడేవారు ఈ సంగతిని గమనించాలి. సీసా మూతికి ఒక్కటే రంధ్రం ఉంటే నీరు సాఫీగా ఒలకదు. గాలి కూడా అంతే.

పురుగులు, ఉడుతలు రాకుండా జాలీ బిగించక తప్పదు. సన్నని జాలీ, వాన పడకుండా అమర్చే వాలు పలకలు కలిసి రంధ్రపు వైశాల్యంలో దాదాపు సగాన్ని హరిస్తాయి. కాబట్టి కొలతను రెట్టింపు చేయాలి. అంటే పైన అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న తెరపులు రెండు కావాలి. చూరు కింద అంతే వైశాల్యానికి సరిపడే సందులు కావాలి. ఇంతే లెక్క. దీనికి తాపీ మేస్త్రీ ఒక పూట పని, రెండు జాలీలు చాలు.

కప్పు రెండు వైపులా వాలి ఉంటే, ఇంటి రెండు చివరలా కప్పు కింద నిలిచే త్రికోణపు గోడలలో, కొనకు దగ్గరగా, ఒక్కొక్క తెరపి పెట్టించాలి. కప్పు ఒకే వైపు వాలి ఉంటే, ఎత్తయిన గోడ పైభాగాన రెండు తెరపులూ పెట్టి, పల్లపు గోడ చూరు కింద పూడ్చిన సిమెంటును తొలగించి జాలీ బిగించాలి. వానాకాలంలో మన ప్రాంతానికి గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది. జల్లు కూడా ఆ వైపు నుండే కొడుతుంది. అందువలన పడమటి తెరపికి చిన్న చజ్జా తప్పనిసరి.

సీలింగ్ లేని రేకుల ఇంటికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పైన తెరపి, కింద కిటికీ లేదా తలుపు అడుగున జాలీ. గోదాముల కప్పుల మీద గాలికి గిర్రున తిరిగే లోహపు టర్బో వెంటిలేటర్లు కూడా ఇదే పని చేస్తాయి. చిన్న ఇంటికి అవి అత్యవసరం కావు.

పొడి వేడి, తడి వేడి

మన ప్రాంతపు వేడికి రెండు ముఖాలున్నాయి. ఏప్రిల్, మే నెలలలో గాలి పొడిగా ఉంటుంది. జూన్ తరువాత కథ మారుతుంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నీరు కాలువలలోకి విడుదలైన నాటి నుండి ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. వానలు పడి, మడులు నిండిన రోజులలో వాన ఆగి ఎండ కాసిందంటే, కోస్తాను తలపించే ఉక్క పోస్తుంది. ఉష్ణోగ్రత 36 డిగ్రీలే ఉన్నా చెమట ఆరక ప్రాణం విలవిలలాడుతుంది.

ఈ రెండు కాలాలకు ఒకే పద్ధతి పనికిరాదు. పొడి వేడి రోజులలో ఉదయం పదకొండు నుండి సాయంత్రం ఐదు వరకు బయటి గాలి లోపలి గాలికంటే వేడిగా ఉంటుంది. ఆ వేళ కింది కిటికీలను మూసి, తడి తెరలు లేదా వట్టివేళ్ళ తట్టీలు వేయడం మంచిది. పై తెరపులు మాత్రం తెరిచే ఉండాలి. సూర్యాస్తమయం తరువాత కిటికీలన్నీ తెరిచి, రాత్రి చల్లగాలితో గోడలను చల్లారనివ్వాలి.

ఉక్కపోత రోజులలో పగలు, రాత్రి అన్నీ తెరిచే ఉండాలి. గాలి కదలికే అప్పుడు మందు. నీటి కూలర్ విషయంలో చాలామంది పొరపడతారు. కూలర్ పొడి గాలిలోనే పనిచేస్తుంది. పైగా అది లోపలికి తోసే గాలికి సమానంగా బయటికి పోయే దారి కావాలి. తలుపులు మూసి కూలర్ నడిపితే గది తడిసిన గోనెసంచిలా మారుతుంది. పై తెరపి తెరిచి ఉన్న ఇంటిలో అదే కూలర్ మరింత బాగా పనిచేస్తుంది. ఉక్కపోత కాలంలో దానిలో నీరు ఆపి, కేవలం గాలి కోసం వాడుకోవాలి. మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్ర తీర పట్టణాలలోని బంధువులు కూలర్ల పట్ల ఆసక్తి చూపకపోవడానికి కారణం ఇదే.

ఏసీ ఉన్న గది విషయంలో ఒక జాగ్రత్త. ఏసీ గది సీలింగ్‌లో సందులు లేకుండా చూసుకోవాలి. తెరపులు సీలింగ్‌కు పైనున్న అటకకే గాని, చల్లబరచిన గదికి కాదు. సీలింగ్‌లో సందులుంటే చల్లగాలి పైకి జారి, విద్యుత్ బిల్లు మాత్రమే పెరుగుతుంది.

తెల్లని కప్పు

తెరపి ఒక్కటే మొత్తం భారాన్ని మోయలేదు. అది గాలి వేడిని తీసివేస్తుందేగాని, కప్పు నుండి నేరుగా వెలువడే సెగను ఆపలేదు. అందుకు కప్పుకు తెలుపు వేయాలి. తాజా తెల్లని పూత తనపై పడే ఎండలో మూడింట రెండు వంతులకు పైగా తిప్పి పంపుతుంది. గది లోపలి వేడి సాధారణంగా 2 నుండి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది.

2010 మే నెలలో అహ్మదాబాదు నగరంలో వడగాలులకు సాధారణం కంటే 1,344 మరణాలు అధికంగా సంభవించాయి. ఆ విషాదం తరువాత 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే తొలి ఉష్ణతాప కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది. ఆపైన పేదల ఇళ్ళ కప్పులకు తెల్ల సున్నం వేయించే పనిని చేపట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2028 వరకు అమలయ్యేలా కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లని కప్పులుగా మార్చడం దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. అంటే వేడి ఎక్కువగా బాధించే చిన్న ఇంటివారిని ఎవరూ నిర్బంధించరు, ఎవరూ వచ్చి చేసిపెట్టరు. నిర్ణయం మనదే.

హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాలు సున్నపురాయికి, సిమెంటు కర్మాగారాలకు పేరుపొందినవి. సున్నం మనకు అందని వస్తువు కాదు. సున్నానికి కొద్దిగా తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఒక వేసవి గడుస్తుంది. దుమ్ము పట్టి, వానకు కరిగి తెలుపు తగ్గుతుంది గనుక ఏటా ఫిబ్రవరి, మార్చి మాసాలలో తిరిగి వేయాలి.

స్లాబు ఇళ్ళవారికి ఇది మరింత ముఖ్యం. కాంక్రీటు పగలంతా ఎండను మింగి, కొన్ని గంటల ఆలస్యంతో లోపలికి వదులుతుంది. అంటే అస్ర్ నుండి మగ్రిబ్ మధ్య, సరిగ్గా రాత్రి వంట మొదలయ్యే వేళకు, స్లాబు కింది వేడి తీవ్రమవుతుంది. 2018, 2019 సంవత్సరాలలో రమజాన్ మే నెలలో ప్రారంభమైంది. ఉపవాసంతో ఇఫ్తార్ వంటకాలు సిద్ధం చేసిన స్త్రీలకు ఆ సాయంత్రాలు గుర్తుండే ఉంటాయి. కింద పొయ్యి వేడి, పైన స్లాబు వేడి. చంద్రమానపు సంవత్సరం జరుగుతూ ఉంటుంది గనుక ఆ రోజులు మళ్ళీ వస్తాయి. వంటగదికి కప్పు కిందనే ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురుగా కింద గాలి వచ్చే దారి, మిద్దె మీద తెలుపు అనే మూడింటినీ కలిపి అమర్చితే ఆ ఇల్లాలి కష్టం చాలావరకు తీరుతుంది.

పని చేయించేటప్పుడు

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. ఆ రేకును కోసినా, రంధ్రం చేసినా, పొడిగా గీకినా సన్నని ధూళి లేచి ఊపిరితిత్తులలో చేరుతుంది. అది క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ప్రకటించింది. అందుచేత తెరపి కోసం రేకుకు చిల్లు పెట్టవద్దు. గోడలోనే పెట్టించండి. సున్నం వేసేముందు రేకులను నీటితో తడిపి, తడిగుడ్డతో తుడవాలేగాని, పొడి చీపురుతో ఊడ్చరాదు, తీగ బ్రష్‌తో రుద్దరాదు. ఆ పని జరుగుతున్నప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి.

సిమెంటు రేకు మనిషి బరువును మోయదు. దాని మీద అడుగు వేసి కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. కింద దూలాలపై ఆనేలా పలకలు పరిచి, వాటి మీదనే నిలబడాలి. ఈ పని తెల్లవారుజామున, అలవాటైన పనివారితోనే చేయించాలి.

ధర్మాకోల్ త్వరగా నిప్పంటుకునే వస్తువు. సీలింగ్ పైన విద్యుత్ తీగలు ఊరికే వేలాడకుండా పైపులలో నుండి పోయేలా చూడాలి. చివరిగా, గోడలో తెరపి పెట్టేముందు అది పొరుగింటి ప్రాంగణంలోకి చూసేలా ఉందేమో గమనించండి. మన చల్లదనం వారి చాటుకు భంగం కాకూడదు. తలకంటే బాగా ఎత్తులో, వాలు పలకలతో అమర్చితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంత చేసినా వడదెబ్బ తగలవచ్చు. శరీరం కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది అత్యవసర స్థితి. వెంటనే 108కు ఫోను చేసి, ఆ వ్యక్తిని గాలి ఆడే చోటికి మార్చి, ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

ఈ శుక్రవారం ఒక పని

ఈ వ్యాసం చదివిన గృహస్థులకు ఒక విన్నపం. వచ్చే శుక్రవారం జుమా నమాజు నుండి ఇంటికి వచ్చిన తరువాత, ఎండ తీవ్రంగా ఉన్న వేళలోనే, ఇంటిలోని ప్రతి గదిలో పది నిమిషాలు ఫ్యాను ఆపి కూర్చోండి. ముఖ్యంగా వంటగదిలో, పెద్దవారు పడుకునే గదిలో. తల ఎత్తి కప్పు కింద గోడను చూడండి. వేడి బయటికి పోయే దారి ఏదైనా ఉందా? ఒకప్పుడు ఉండి, మూసివేసిన రోషన్‌దాన్ గుర్తు కనబడుతోందా? రోజంతా బయట గడిపే మనకు తెలియని సంగతి, ఆ గదిలో రోజంతా గడిపేవారికి తెలుసు. వారిని అడగండి.

మస్జిద్ కమిటీల పెద్దలు కూడా ఆలోచించాలి. మస్జిద్ మిద్దెకు తెల్లని పూత, గోడల పైభాగాన తెరపులు ఉంటే జుహ్ర్ నమాజుకు వచ్చే వృద్ధులకు ఊరట కలుగుతుంది, ఊరికి ఒక నమూనా కనబడుతుంది. వేసవికి ముందు యువకులు కలిసి ఒక వితంతువు ఇంటికో, వృద్ధ దంపతుల ఇంటికో సున్నం వేసిపెడితే అది ఫ్యాను దానం చేయడం కంటే తక్కువ పుణ్యకార్యం కాదు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, తెరపి ఆగదు.

మన పెద్దలు కట్టిన ఇంటిలో వేడి చేరినా నిలిచేది కాదు. మనం కట్టిన ఇంటిలో చేరిన వేడి బయటికి పోదు. ఆ రెండింటి మధ్య తేడా అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఒక తెరపి మాత్రమే. దానిని తెరిచే సమర్థత ప్రతి కుటుంబానికీ ఉంది. వచ్చే వేసవి మధ్యాహ్నం మన దాదీ ఆ గదిలో ప్రశాంతంగా కునుకు తీస్తే, ఇన్షా అల్లాహ్, ఆమె పెదవుల నుండి వెలువడే దుఆలో మనకూ వాటా ఉంటుంది.